గులకరాళ్ల పొర నీటిని లాగుతుందా?

తోటలో నీరు నిలిచి మొక్కలు పసుపు రంగుకు తిరిగినప్పుడు మన పల్లెలలో చాలామంది చెప్పే మందు ఒకటే. "అడుగున కాసిని గులకరాళ్లు, ఇసుక వేసి ఉంటే నీరు లాగేసేది" అంటారు. పండ్లమొక్కలకు గోతులు తీసినప్పుడు అడుగున అర అడుగు గులక పోస్తారు. నారుమడి క్రింద ఇసుక పరుస్తారు. ఇంటి ముంగిట పూలకుండీలో కూడా ముందు నాలుగు రాళ్లు వేసి, ఆ పైన మట్టి నింపుతారు. చూడటానికి ఇది న్యాయంగానే ఉన్నది. రాళ్ల మధ్య సందులు పెద్దవి, వాటిలో నీరు గబగబ జారుతుంది. కనుక పైనున్న మట్టిలోని నీరంతా ఆ సందులలోకి దిగిపోవలెను గదా అనుకుంటాము.

కాని నేల ఆ విధంగా నడుచుకోదు. సన్నని మట్టి క్రింద ముతక పొర ఉన్నప్పుడు, ఆ మట్టి అడుగుభాగం నీటితో పూర్తిగా నిండేవరకు ఒక్క చుక్క కూడా ముతక పొరలోకి దిగదు. రాళ్లు నీటిని లాగవు సరికదా, దానిని మట్టిలోనే నిలబెడతాయి.

ఈ మాట విన్న వెంటనే నమ్మేవారు తక్కువ. నమ్మనివారు ఒక పంచెను తడిపి, పిండకుండా దండెం మీద వేసి చూడండి. కొంతసేపు అంచు నుండి చుక్కలు పడతాయి. పిమ్మట చుక్కలు ఆగిపోతాయి. అప్పుడు చేయి పెట్టి చూస్తే పైభాగం తేలికపడి ఉంటుంది, క్రింది అంచు మాత్రం ముద్దగా ఉంటుంది. ఆ అంచు క్రింద ఏమున్నది? గాలి తప్ప మరేమీ లేదు. గాలికంటె పెద్ద సందు ఎక్కడ దొరుకుతుంది? అయినా నీరు క్రిందికి పోక బట్టను పట్టుకొని వ్రేలాడుతున్నది. ఇప్పుడు ఆ పంచెనే పొడవు క్రిందికి వచ్చేటట్లు నిలువుగా పట్టుకొనండి. ఆగిన చుక్కలు మళ్లీ మొదలవుతాయి. బట్ట మారలేదు, నీరు మారలేదు, ఎత్తు మాత్రమే పెరిగింది. ఈ రెండవ సంగతిని గుర్తుంచుకొనండి, దీనితో మనకు ముందు పని ఉన్నది.

దీపపు వత్తి నూనెను పైకి లాగే శక్తియే ఇక్కడ నీటిని పట్టి ఉంచుతున్నది. దీనిని కేశాకర్షణ అంటారు. సందు ఎంత సన్ననిదైతే పట్టు అంత గట్టిది. మట్టి రేణువుల మధ్య సందు వెడల్పు మిల్లీమీటరులో పదవ వంతు ఉంటే, అది సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నీటిని మోయగలదు. సందు ఒక మిల్లీమీటరు ఉంటే 3 సెంటీమీటర్లకు మించి మోయలేదు. కనుక సన్నని సందులోని నీరు తన పట్టు విడిచి పెద్ద సందులోకి తనంతట తాను రాదు. పైనుండి మరింత నీరు వచ్చి, బరువు పెరిగి, వెనుకనుండి త్రోస్తేనే వస్తుంది.

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గార్డ్‌నర్ అనే నేల శాస్త్రవేత్త 1959లో దీనిని చలనచిత్రంగా తీసి చూపించాడు. రెండు అద్దపు పలకల మధ్య మట్టి నింపి, నడుమ ఒక ముతక ఇసుక పొర పెట్టి, పైనుండి నీరు వదిలాడు. తడి చారిక క్రిందికి దిగుతూ వచ్చి ఇసుక పొర దగ్గర ఆగిపోయింది. ఇసుకలోకి దిగకుండా, దాని మీదనే అటూ ఇటూ ప్రక్కలకు ప్రాకింది. పై మట్టి బాగా నిండిన తరువాత మాత్రమే ఇసుకలోకి జొరబడింది. వ్యవసాయ విద్యార్థులకు ఆ చిత్రాన్ని ఎన్నో ఏండ్లు చూపించారు.

ఈ ధర్మాన్ని బాగుగా గ్రహించి, దానితోనే పని చేయించుకొన్నవారు గోల్ఫ్ మైదానాలు కట్టేవారు. ఆ ఆటతో మన గ్రామాలకు పొత్తు లేదని నేనెరుగుదును. గోల్కొండ కోట నయా ఖిల్లాలోనో, విశాఖపట్నంలోనో మైదానాన్ని దూరం నుండి చూసినవారు ఉండవచ్చు. ఆటను ప్రక్కన పెట్టి, ఆ నేలను మాత్రం చూద్దాము. బంతిని చివరకు గుంటలోకి దొర్లించే నున్నని పచ్చిక జాగాను 'గ్రీన్' అంటారు. ఒక్కొక్కటి 10 నుండి 15 సెంట్లు ఉంటుంది. దాని మీది గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. రోజూ నీరు పెడతారు, రోజూ మనుషులు త్రొక్కుతారు. వాన వెలిసిన కొద్దిసేపటికే మళ్లీ ఆడవలెను. ఎండ కాసినా గడ్డి వాడరాదు. ఇంత కష్టమైన కోరికను తీర్చవలసి వచ్చినందుననే ఆ నేల లోపలి నీటి నడకను అంత శ్రద్ధగా కొలిచారు. ఇంతకూ వేడి దేశాల గ్రీన్‌ల మీద పెరిగేది ఏమిటనుకున్నారు? మన గట్ల మీది గరికయే. దానిని ఒక ఆఫ్రికా జాతి గరికతో సంకరపరచగా వచ్చిన రకాలు అవి. అమెరికాలో టిఫ్టన్ పరిశోధనా కేంద్రం నుండి 1956లో విడుదలైన టిఫ్‌గ్రీన్ అటువంటిదే. మనం పలుగుతో పెకలించి పారవేసేదానికి అక్కడ కాపలా కాస్తారు.

ఈ ఆట పుట్టిన స్కాట్లండులో ఎవరూ గ్రీన్‌లు కట్టలేదు. సముద్రపు ఒడ్డున మేట వేసిన ఇసుక దిబ్బల మీదనే ఆడుకొన్నారు. జనం విలువిద్య మాని ఆటలో పడుతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించవలసి వచ్చింది! సెంట్ ఆండ్రూస్ వంటిచోట్ల ఇసుక లోతుగా ఉంటుంది, నడుమ అడ్డుపొర లేదు. నీరు ఆగకుండా లోతుకు దిగిపోతుంది. నిలువుగా పట్టుకొన్న పొడవాటి పంచె వలె పైభాగం ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

ఆట దేశం లోపలికి, బంకమట్టి నేలలలోకి ప్రాకిన తరువాత చిక్కు వచ్చింది. అక్కడి మట్టినే దిబ్బగా త్రోసి, చదును చేసి గడ్డి వేశారు. ఈ మట్టి గ్రీన్‌లో నీరు లోపలికి దిగేది కొద్ది. త్రొక్కుడుకు నేల బిగిసిన కొలది అది మరీ తగ్గుతుంది. అందుచేత పైనుండి వాలుగా జారి బయటకు పోవలసిందే. వాలు సరిగా ఉన్నచోట అవి చక్కగా పనిచేస్తాయి. పల్లం పడినచోట నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు మరొక పద్ధతి చూపించారు. అడుగు నేలను గట్టిచేసి, అందులో కాలువలు తీసి చిల్లుల గొట్టాలు పెట్టి, పైన 12 అంగుళాల మందాన ఎంపిక చేసిన ఇసుక పోస్తారు. గులక గొట్టాల చుట్టూ మాత్రమే ఉంటుంది, నేలంతా పరచరు. ఇసుకలోనుండి దిగిన నీరు గట్టి నేల మీద ప్రక్కకు నడిచి గొట్టాన్ని చేరుకొంటుంది. ఖర్చు తక్కువ, కాని ఇసుకను జాగ్రత్తగా ఎంచవలెను.

ఎక్కువ పేరు పొందినది అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి. తరువాత దీనిని కొన్నిసార్లు సవరించారు. అడుగు నేలలో 15 అడుగులకు మించని ఎడంతో గొట్టాలు వేసి, నేలంతా 4 అంగుళాల గులక పరచి, ఆ పైన ఇసుకే ప్రధానంగా గల మిశ్రమాన్ని 12 అంగుళాల మందాన పోస్తారు. ఆ మిశ్రమంలో బంకమట్టి 3 శాతానికి మించరాదు. నీటితో నిండినప్పుడు అందులోనుండి గంటకు 6 అంగుళాల నీరైనా దిగిపోవలెను.

ఇక్కడ మీరు నన్ను నిలవేయవచ్చు. "చూశారా, వారూ అడుగున గులకే వేస్తున్నారు!" అని.

వేస్తున్నారు, అయితే ఎందుకు వేస్తున్నారో చూడవలెను. వారి పొర ఇంచుమించు అంతా ఇసుక. ఇసుకకు నీటిని నిలుపుకొనే గుణం తక్కువ. లోతుగా ఉంటే నీరంతా దిగిపోయి గడ్డి ఎండిపోతుంది. గులక పొర ఆ దిగుడును 12 అంగుళాల దగ్గర ఆపుతుంది. వాన వెలిశాక ఇసుక అడుగున కొన్ని అంగుళాల మేర నీరు నిలిచిపోయి గడ్డి వ్రేళ్లకు నిల్వగా ఉపయోగపడుతుంది, పైభాగంలో గాలి ఆడుతుంది. కుంభవృష్టి కురిస్తే నిల్వ నిండి, బరువు పెరిగి, నీరు గులకలోకి విరుచుకుపడి గొట్టాల ద్వారా వెళ్లిపోతుంది. వాన తగ్గితే మళ్లీ తలుపు మూసుకొంటుంది. అనగా గులకను వారు నీటిని తీసివేయటానికి ఎంత వాడుతున్నారో, నిలపటానికి అంతకంటె ఎక్కువగా వాడుతున్నారు.

ఆ 12 అంగుళాల లెక్క కూడా ఊరకే పెట్టినది కాదు. అదే ఇసుకను 8 అంగుళాలే పోస్తే నిలిచిన నీరు పైకి దగ్గరై గడ్డి మొదళ్లు నానుతాయి. 16 అంగుళాలు పోస్తే పైభాగం త్వరగా ఎండుతుంది. ఎత్తుపల్లాలున్న గ్రీన్‌లో నిలిచిన నీరు గులక మీదుగా ప్రక్కకు జారి పల్లంలో చేరుతుంది. గట్టు భాగం ఎండి, పల్లపు భాగం చెమ్మగిల్లుతుంది. ఇసుక గులకలోకి రాలి సందులు పూడకుండా మరొక కట్టుబాటు పెట్టుకొన్నారు. గులకలోని సన్నరకం రాళ్లు, ఇసుకలోని ముతకరకం రేణువులకు 8 రెట్లకంటె పెద్దవిగా ఉండరాదు. అంత పొందిక గల గులక దొరకకపోతే, నడుమ రెండు నుండి నాలుగు అంగుళాల ముతక ఇసుక వేస్తారు. బోరుబావి గొట్టం చుట్టూ గులక పోయించినవారికి ఈ లెక్క కొత్త కాదు.

ఇప్పుడు మన పొలాలకు వద్దాము. వారిది ఇసుక, దానికి నీటిని నిలిపే అడుగుపొర కావలెను. మనకు చిక్కు తెచ్చే నేల నల్లరేగడి, డెల్టా బంకమట్టి. అవి నీటిని అసలే విడువవు. అటువంటి మట్టి క్రింద గులక వేయటం దాహం లేనివాని నోట్లో నీళ్లు పోసినట్లే.

నల్గొండ జిల్లాలో రేగడి చెలక ఒకదానిలో వేసిన బత్తాయి తోటను చూశాను. రైతు శ్రద్ధ గలవాడు. మూడడుగుల గోతులు తీయించి, అడుగున అర అడుగు గులక పోసి, పైన ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాడు. ఎకరానికి నూటపది మొక్కల చొప్పున లెక్క వేయండి. సుమారు 500 ఘనపుటడుగుల గులక, అనగా ఐదారు ట్రాక్టర్లు. రెండవ ఏట వానలకు ఆకులు పాలిపోయి, కొన్ని చెట్లకు మొదలు దగ్గర బంక కారటం మొదలైంది. "రాళ్లేస్తే నీళ్లు దిగుతయని అందరు చెప్పిండ్రు సార్, అప్పు చేసి ఏపిచ్చిన" అన్నాడు. ఒక గోతిని ప్రక్కనుండి తవ్వి చూశాము. పై మట్టి బురద బురదగా ఉన్నది. అడుగున గులక సందులలో కూడా నీరు నిండి ఉన్నది, ఎందుకంటె దాని చుట్టూ ఉన్నది రేగడి గోడ. నీటికి బయటకు దారి లేదు. ఆయన తీసినది గొయ్యి కాదు, తొట్టి. చుట్టుప్రక్కల పొలం మీది వాననీరు కూడా వదులు మట్టిని వెతుక్కొంటూ వచ్చి ఆ తొట్టిలోనే చేరింది. రాళ్లు అందులో అర అడుగు చోటు ఆక్రమించి వ్రేళ్లకు దక్కవలసిన లోతును తగ్గించాయి.

మరి ఏమి చేయవలెను? పంచె చెప్పిన రెండవ సంగతి ఇక్కడ పనికివస్తుంది. అడుగున రాళ్లు వేయటానికి బదులు, పైన ఎత్తు పెంచండి. మట్టి ఎత్తు పెరిగిన కొలది పైభాగంలో గాలి పెరుగుతుంది, తడి అడుగుకు పోతుంది. బరువు నేలలలో బత్తాయి, నిమ్మ మొక్కలను అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బల మీద నాటి, కాండానికి నీరు తగలకుండా మట్టి ఎగద్రోసి, పాదును దూరంగా చేయండి. మిరప, పసుపు వంటివి బోదెల మీద వేయండి. గోతిలో నింపేటప్పుడు తవ్వి తీసిన మట్టినే ఎరువు కలిపి నింపటం మేలు. లోపల ఒక మట్టి, వెలుపల మరొక మట్టి అయితే ఆ సరిహద్దు దగ్గరనే నీరు, వ్రేళ్లు రెండూ ఆగిపోతాయి. ఆ నల్గొండ రైతుకు కూడా రెండు వరుసల నడుమ కాలువ తీసి, ఆ మట్టిని చెట్ల మొదళ్ల ప్రక్కకు ఎగవేసి, కాలువ చివరను వాగులోకి తెరవమని చెప్పాము. బాగా ముదిరిన చెట్లు పోయినవి. మిగిలినవి తేరుకొన్నవి.

గులకకు అసలు పనే లేదని నా అభిప్రాయం కాదు. నేలలో నీటిమట్టం పైకి వచ్చి ఉన్నచోట, లోతున చిల్లుల గొట్టం వేసి దాని చుట్టూ గులక పోస్తే నీరు ధారాళంగా గొట్టంలోకి వస్తుంది. అక్కడ మట్టి అప్పటికే నిండి ఉన్నది, వెనుకనుండి త్రోపుడు ఉన్నది, గొట్టానికి బయటకు దారి ఉన్నది. ఈ మూడూ ఉన్నప్పుడే గులక పనిచేస్తుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు వద్ద బాపట్ల శాస్త్రవేత్తలు వేసి చూపిన భూగర్భ మురుగు గొట్టాలు ఈ సూత్రం మీద పనిచేసినవే.

కొద్ది ఇసుక తోలి రేగడిని తేలిక చేద్దామనే ఆలోచన కూడా మానుకొనండి. బంకమట్టిలో నాలుగు బండ్ల ఇసుక కలిపితే, ఇసుక రేణువులు ఒకదానికొకటి తగలక మట్టిలో మునిగిపోతాయి; సందులు ఏర్పడవు. గ్రీన్ మిశ్రమంలో బంకమట్టి 3 శాతం దాటరాదన్న కట్టుబాటును బట్టి ఎంత ఇసుక కావలసి వస్తుందో మీరే ఊహించండి. పశువుల ఎరువు, పచ్చిరొట్ట ఇంతకంటె చౌక, గుణమూ ఎక్కువ.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పూడిక మట్టిని చెలకలకు తోలుకొన్న రైతులు చాలామంది ఉన్నారు. ఎప్పుడు తోలినా ఒక జాగ్రత్త తీసుకొనవలెను. రెండంగుళాల మందాన పరచి వదిలివేస్తే అది ఇసుక చెలక మీద వేరొక పొరగా నిలుస్తుంది. సన్నని మట్టి పైన, ముతక మట్టి క్రింద. మనం చెప్పుకొన్న కథే. చిన్న వానకు పైపొర నాని జిగురుగా ఉంటుంది, క్రింద వ్రేళ్ల దగ్గర పొడి. వెంటనే అడ్డంగా, నిలువుగా దున్ని పాత మట్టితో కలపండి. కలిసిన తరువాత అదే పూడిక చెలకకు నీటిని నిలుపుకొనే గుణం ఇస్తుంది.

కుండీల సంగతి చిన్నదైనా ఇంటింటా ఉన్నదే. అడుగు చిల్లి మీద మట్టి రాలకుండా ఒక పెంకు ముక్క చాలు. మూడంగుళాల రాళ్లు వేస్తే ఆ మేరకు మట్టి లోతు తగ్గి, తడి పైకి వస్తుంది. పరీక్షించదలచినవారు రెండు నీళ్ల సీసాల మెడలు కోసి, అడుగున చిల్లులు పెట్టి, ఒకదానిలో అంతా మట్టి, రెండవదానిలో మూడంగుళాల గులక పోసి పైన అదే మట్టి నింపండి. రెండింటినీ నీరు కారేవరకు తడిపి, మరునాడు పైమట్టిని పిడికిట పట్టి చూడండి. రాళ్లున్న సీసాలోని మట్టే ఎక్కువ తడిగా ఉంటుంది.

తోట వేయదలచినవారు గులకకు బయానా ఇచ్చే ముందు పొలంలో రెండు మూడు చోట్ల అడుగున్నర లోతు గొయ్యి తీయండి. నీటితో నింపి, అది పూర్తిగా ఇంకిన పిమ్మట మళ్లీ నింపి, ఒక పుల్లకు గుర్తులు పెట్టి గంటకు ఎంత దిగుతున్నదో కొలవండి. వేసవిలో రేగడి పగుళ్లు నోరు తెరుచుకొని ఉంటాయి గనుక మొదటి నింపుడును లెక్కలోకి తీసుకొనరాదు. వానలు పడి పగుళ్లు మూసుకొన్న తరువాత కొలిస్తే ఇంకా నమ్మదగినది. గంటకు అంగుళమైనా దిగకపోతే అక్కడ దిబ్బ, కాలువ తప్పవు. గోతి గోడను కూడా పరిశీలనగా చూడండి. వరి వేసిన పొలమైతే ఆరు నుండి ఎనిమిది అంగుళాల లోతున దమ్ముకు బిగిసిన గట్టిపొర కనిపిస్తుంది. వరికి అది మంచిదే, నీటిని నిలుపుతుంది. వరి తరువాత ఆ మడిని తోటగా మార్చదలచినవారు, నేల బాగా ఆరినప్పుడు లోతు దుక్కితో ఆ పొరను ముందు పగులగొట్టి, తరువాతనే దిబ్బలు పోయవలెను.